చిన్నపిల్లలతో ఔట్‌బ్యాక్ క్యాంపింగ్: ఎండ ఎలా చెప్తే రోజు అలా నడపండి

ఆస్ట్రేలియాలో మేముండే అడిలైడ్‌లో తెలిసినవాళ్ళు ఎవరైనా ఔట్‌బ్యాక్‌కి, అంటే జనం తక్కువగా ఉండే లోపలి ఎండు ప్రాంతానికి, ఫ్లిండర్స్ రేంజెస్ కొండల వైపు టెంటు వేసుకుని వెళ్తున్నామంటే నేను మొదట అడిగేది పిల్లల వయసు. ఐదేళ్ళలోపు పిల్లలుంటే కూర్చోబెట్టి మరీ ఇవన్నీ చెప్తాను. ప్రతిసారీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించి రాస్తున్నా.

మేం మొదటిసారి వెళ్ళింది అక్టోబర్ స్కూలు సెలవుల్లో. మా అమ్మాయికి నాలుగేళ్ళు, బాబుకి ఏడాదిన్నర. మా అమ్మ పిడుగురాళ్ళ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. పల్నాడు వాళ్ళం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మనకి ఎండ కొత్తా అన్న ధీమాతో బయల్దేరాం. ఆ ధీమాయే మమ్మల్ని దెబ్బతీసింది. ఊళ్ళో ఎండలో తిరిగితే చొక్కా వీపుకి అతుక్కుంటుంది, మొహం కారిపోతుంది, ఒళ్ళే మనకి చెప్తుంది నీడకి పొమ్మని. ఔట్‌బ్యాక్‌లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. పిల్ల ఒళ్ళు పొడిగానే ఉంది కదా, ఇంకాసేపు ఆడుకోనీ అనుకుంటాం. లోపల నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే కింద రాసినవన్నీ ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు నెల చూసుకోండి

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చిన్నపిల్లలతో వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఫ్లిండర్స్‌కి ఇంకా ఉత్తరాన ఉన్న ఊడ్నడట్టాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ దేశం మొత్తమ్మీద అంతకు మించి ఎక్కడా నమోదు కాలేదు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మొదటి సగం దాకా వెళ్ళదగ్గ కాలం. జూలైలో పగలు హాయిగా ఉంటుంది, కానీ రాత్రిళ్ళు సున్నా కిందికి కూడా పోతుంది, పసిపిల్లలతో అదొక కష్టం. అక్టోబర్‌లో దసరా రోజులు అటూ ఇటూగా స్కూలు సెలవులు కలిసొస్తాయి కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు. అప్పుడు ఒక రోజు 24 ఉంటే మర్నాడు ఉత్తరపు గాలి తిరిగి 36 కూడా కావచ్చు.

అందుకే బుక్ చేసేటప్పుడే ఇంట్లో ఒక అంకె అనుకోండి. మాది 38. బయల్దేరే ముందురోజు ఫోర్‌కాస్ట్‌లో మేం ఉండబోయే ఏ రోజైనా 38 కనిపించిందా, ప్రయాణం ఆపేస్తాం, డబ్బులు పోయినా సరే. దేశం మధ్యలో ఉలురు అనే పెద్ద బండ పక్కన ఉన్న కటా జుటా కొండల్లో ఆ రోజు 36 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటుందని అంచనా వస్తే వ్యాలీ ఆఫ్ ద విండ్స్ దారిని పొద్దున 11 గంటలకి మొదటి లుకౌట్ దగ్గరే మూసేస్తారు. బలంగా ఉన్న పెద్దవాళ్ళనే ఆపేస్తున్నారంటే, నాలుగేళ్ళ పిల్ల సంగతి మనమే లెక్క వేసుకోవాలి.

చోటు: మొదటిసారి ట్యాపు, టాయిలెట్ ఉన్న చోటికే

ఎవరూ లేని చోట నక్షత్రాల కింద పడుకోవాలని నాకూ ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక వెళ్దాం. మొదటిసారికి విల్పెనా పౌండ్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్ మంచిది. టాయిలెట్లు, వేడినీళ్ళ షవర్లు ఉన్నాయి, చిన్న కొట్టు ఉంది, పెట్రోలు దొరుకుతుంది. అడిలైడ్ నుంచి దాదాపు 430 కిలోమీటర్లు. మ్యాప్ ఐదు గంటలంటుంది, పిల్లలతో ఏడు వేసుకోండి. పార్కు పాస్, టెంటు చోటు రెండూ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, సెలవుల్లో తొందరగా నిండిపోతాయి.

ఇది ఇకారా-ఫ్లిండర్స్ రేంజెస్ నేషనల్ పార్కులో ఉంది. ఇకారా అంటే అక్కడి అద్న్యమథన్హ జనం భాషలో కలుసుకునే చోటు అని అర్థం. ఆ నేల వాళ్ళది. అక్కడ అన్నిటికంటే ఎత్తైన సెయింట్ మేరీ పీక్ కొన దాకా ఎక్కవద్దని వాళ్ళు అడుగుతారు. పిల్లలతో ఎలాగూ ఎక్కలేం, కానీ ఎందుకు ఎక్కకూడదో పిల్లలకి చెప్పండి. మన కొండమీద గుడికి చెప్పులు విప్పి వెళ్తాం కదా అని మా అమ్మమ్మ చెప్పినట్టు చెప్తే మా పిల్ల వెంటనే ఒప్పుకుంది.

ఇక ట్యాపు ఉన్న చోటే ఎందుకంటే, నీళ్ళ లెక్క చూడండి.

నీళ్ళు

ఔట్‌బ్యాక్‌లో తాగడానికి, వండడానికి, కడుక్కోవడానికి అన్నీ కలిపి మనిషికి రోజుకి 10 లీటర్లు వేసుకోవాలి. మేం ఐదుగురం, అంటే రోజుకి 50. మూడు రోజులకి 150 లీటర్లు, 150 కిలోలు. మనుషులు, టెంటు, సామాను ఎక్కాక మామూలు ఫ్యామిలీ కారు అంత బరువు మోయలేదు. అందుకని ట్యాపు ఉన్న చోటికి వెళ్ళాలి, అయినా కూడా దారిలో బండి ఆగిపోతే ఒక రోజు గడిచేటన్ని నీళ్ళు కారులో ఉండాలి. మేం ఎప్పుడూ 50 లీటర్లు తీసుకెళ్తాం. అదంతా ఒకే డబ్బాలో వద్దు. 20 లీటర్ల క్యాన్లు రెండు, 10 లీటర్ల బాక్సు ఒకటి. ఒకటి కారినా ఇంకోటి ఉంటుంది. కొత్త ప్లాస్టిక్ క్యాన్ అయితే వారం ముందే రెండుసార్లు నింపి పారబోయండి, లేకపోతే ఆ వాసనకి పిల్లలు నీళ్ళు ముట్టరు, అక్కడికెళ్ళాక చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

పిల్లలకి ఎవరి బాటిల్ వాళ్ళకి ఇవ్వండి. పంచుకునే బాటిల్ అయితే ఎవరు ఎంత తాగారో తెలీదు. మా అమ్మాయి బాటిల్ మీద మార్కర్‌తో మూడు గీతలు గీశాను, మొదటి గీత దాకా పొద్దున తిఫిన్ లోపు, రెండోది పదింటికి, అలా. గీత కిందికి దిగిందా లేదా అని దానికదే చూసుకునేది.

ఆరు నెలలలోపు పసిబిడ్డకి మాత్రం వేడిగా ఉంది కదా అని నీళ్ళు పట్టకండి. తల్లిపాలు గానీ ఫార్ములా గానీ మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వాలి, తల్లి ఇంకా ఎక్కువ తాగాలి. నిజం చెప్పాలంటే అంత పసివాళ్ళతో వేడి రోజుల్లో వెళ్ళకపోవడమే నా సలహా.

తిండి, ఐసు

ఎస్కీలు, అంటే ఐసు పెట్టెలు, రెండు పెట్టుకోండి. తాగేవాటికి ఒకటి, తినేవాటికి ఒకటి. పిల్లలు జ్యూస్ కోసం గంటకి పదిసార్లు మూత తీస్తారు, ఆ వేడిగాలి పాలకీ పెరుగుకీ తగలకూడదు. ఐసు ముక్కలు కొనేకంటే నీళ్ళ బాటిళ్ళు ముప్పావు వంతు నింపి రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, కరిగాక ఆ నీళ్ళే తాగొచ్చు. మా ఎస్కీలో ఇలా పెట్టిన పెరుగు మూడో రోజు దాకా పులవలేదు.

మన వంట ఈ ప్రయాణానికి చాలా అనుకూలం. బయల్దేరే రోజు చింతపండు పులిహోర, రెండో రోజు నుంచి ఇంట్లోనే వేయించి పోపు కలిపి పెట్టుకున్న రవ్వతో ఉప్మా, అటుకులు, కందిపొడి, ఊరగాయ, నెయ్యి. నీళ్ళ మజ్జిగలో ఉప్పు వేసి పిల్లలకి రోజుకి రెండుసార్లు ఇవ్వండి, మా ఇద్దరూ మంచినీళ్ళు వద్దన్నప్పుడు కూడా మజ్జిగ వద్దనలేదు. పుచ్చకాయ, కీరా ముక్కలు నీళ్ళతో సమానం. జంతికలు, చిప్స్ లాంటి ఉప్పటివి కొంచెమే, దాహం పెంచుతాయి. గిన్నెలు కడిగే ముందు టిష్యూతో తుడిచేస్తే సగం నీళ్ళు మిగులుతాయి.

పళ్ళు తీసుకెళ్ళే విషయంలో ఒక జాగ్రత్త. సిడ్నీ నుంచో మిల్‌డ్యూరా నుంచో స్టర్ట్ హైవే మీద వచ్చేవాళ్ళని సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు దాటగానే యాంబా దగ్గర చెక్‌పోస్టులో ఆపుతారు. ఫ్రూట్ ఫ్లై భయంతో పళ్ళు, టమాటాలు, పచ్చిమిరపకాయలు కూడా లోపలికి రానివ్వరు, దాచి దొరికితే ఫైను. కూరగాయలు ఇటువైపు వచ్చాకే కొనుక్కోండి.

ఇంకోటి, వేడి, గాలి ఎక్కువగా ఉన్న రోజు టోటల్ ఫైర్ బ్యాన్ పెడతారు. కట్టెల మంట ఒక్కటే కాదు, ఆరుబయట గ్యాస్ స్టవ్ మీద కూడా ఆంక్షలుంటాయి. ఒక రోజంతా పొయ్యి వెలిగించకుండా గడిచే తిండి కచ్చితంగా ఉండాలి. అటుకులు పెరుగులో నానబెట్టి, ఊరగాయ నంజుకుంటే మా వాళ్ళకి పండగే.

ఇంటి వెనకాల ఒకసారి

వెళ్ళే ముందు వారం టెంటు పెరట్లో వేసి ఒక రాత్రి పిల్లలతో పడుకోండి. పోల్ విరిగిందా, జిప్పు పడుతుందా అన్నది ఇంటి దగ్గర తెలిస్తే సర్దుకోవచ్చు. పిల్లలకి కూడా ఆ గుడ్డ ఇల్లు అలవాటవుతుంది, మూడో రోజు అర్ధరాత్రి "ఇంటికి పోదాం" అన్న ఏడుపు తగ్గుతుంది. టెంటుతో వచ్చే సన్న మేకులు అక్కడి రాతినేలలో వంకరపోతాయి. పొడుగాటి ఇనప మేకులు, మంచి సుత్తి విడిగా కొనండి. ఒక పెద్ద టార్పాలిన్, నాలుగు కర్రలు, తాళ్ళు కూడా.

దారిలో

తెల్లారి ఐదున్నరకి బయల్దేరితే మధ్యాహ్నం ఒంటిగంటలోపు చేరతారు. పొద్దు వాలాక, తెల్లవారుజామున కంగారూలు, ఈమూలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. దారిలో క్వార్న్, ఆ తర్వాత హాకర్ అని చిన్న ఊళ్ళు వస్తాయి. క్వార్న్ దాటాక చీకట్లో నడపొద్దు. క్వార్న్‌లో ఒకసారి, హాకర్‌లో ఇంకోసారి పెట్రోలు నింపండి. ట్యాంకు సగమే ఖాళీ అయినా సరే నింపండి. హాకర్ దాటితే విల్పెనా దాకా 55 కిలోమీటర్లు ఊరేమీ లేదు. పోర్ట్ ఆగస్టా నుంచి స్టువర్ట్ హైవే ఎక్కి కూబర్ పీడీ వైపు పోయేవాళ్ళకి రోడ్ ట్రైన్లు, అంటే వెనక ట్రెయిలర్లు తగిలించుకున్న పొడవాటి లారీలు, ఎదురవుతాయి. ఒక్కొక్కటి 53 మీటర్ల దాకా ఉంటుంది, దాన్ని దాటాలంటే ముందు కిలోమీటరు పైన ఖాళీ రోడ్డు కనపడాలి. లేదంటే వెనకే ఉండండి.

రెండు గంటలకోసారి ఆపండి. ఆపిన ప్రతిసారీ పిల్లల కార్ సీట్ల మీద తెల్ల తువ్వాలు కప్పి దిగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. క్వార్న్‌లో పదిహేను నిమిషాలు ఆగి వచ్చి బాబుని కూర్చోబెట్టి బకిల్ పెట్టబోతే ఆ ఇనప ముక్క నా వేలికే చుర్రుమంది, వాడి తొడకి తగిలి ఉంటే బొబ్బెక్కేది. అప్పటి నుంచీ బకిల్ ముందు నా చేత్తో ముట్టుకుని చూశాకే పెడతాను. రెండు నిమిషాల పనే కదా అని పిల్లల్ని కారులో వదిలి దిగడం ఎప్పుడూ, ఎక్కడా వద్దు.

ఫోన్ సిగ్నల్ హాకర్ దాటాక నమ్ముకోవద్దు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఏ రోజు ఎక్కడుంటారో, ఎప్పటికి ఫోన్ చేస్తారో ఊళ్ళో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. మట్టిరోడ్ల మీదికి దిగే ఆలోచన ఉంటే పర్సనల్ లొకేటర్ బీకన్ ఒకటి కొనడమో అద్దెకి తేవడమో చెయ్యండి, బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా మీరెక్కడున్నారో రక్షించేవాళ్ళకి తెలుస్తుంది. అద్దె కారైతే మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కాగితం చదవండి. ఎమర్జెన్సీ నంబరు 000.

బండి ఆగిపోతే బండిని వదిలి నడవకండి. ఇది రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించండి. పక్కనే కదా కనపడుతోంది అనిపించే కొండ ఇరవై కిలోమీటర్లుంటుంది. వెతికేవాళ్ళకి మనిషి కంటే కారు తొందరగా కనపడుతుంది. తలుపులు తీసి, టార్పాలిన్ కారుకి కట్టి, ఆ నీడలో పిల్లల్ని కూర్చోబెట్టి నీళ్ళు ఇస్తూ ఉండండి.

టెంటు ఎక్కడ వెయ్యాలి

అక్కడ వాగుల ఒడ్డున రివర్ రెడ్ గమ్ చెట్లు ఉంటాయి, మన మర్రిచెట్టంత లావు మాను, చూడగానే ఆ నీడలో చాప వెయ్యాలనిపిస్తుంది. ఆ కొమ్మల కింద మాత్రం టెంటు వెయ్యకండి. గాలి లేకుండానే, చప్పుడు లేకుండానే పెద్ద కొమ్మ విరిగి పడుతుంది. చెట్టు నీడ మీ మీద పడేటట్టు, కొమ్మలు మాత్రం మీ పైన లేనట్టు పక్కకి జరిగి వెయ్యండి. ఎండిపోయిన వాగులో ఇసక మెత్తగా ఉందని అక్కడా వద్దు, ఎగువన ఎక్కడో వాన పడితే మీ నెత్తిన మబ్బు లేకుండానే నీళ్ళొస్తాయి.

సాయంత్రం నీడ కంటే మధ్యాహ్నం నీడ ముఖ్యం. పన్నెండు నుంచి నాలుగు దాకా నీడ ఎటు పడుతుందో చూసుకుని చోటు తీసుకోండి. మనకి అలవాటైన లెక్క ఇక్కడ తిరగబడుతుంది, మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ చెట్టుకి దక్షిణాన పడుతుంది. టార్పాలిన్ టెంటుకి అంటకుండా జానెడు పైన కట్టండి. మధ్యలోంచి గాలి ఆడితేనే లోపల చల్లగా ఉంటుంది. అంటిస్తే ఆ వేడంతా లోపలికి దిగుతుంది.

ఇక్కడ మా అమ్మ చేసిన పని చెప్పాలి. మొదటి రోజు మధ్యాహ్నం టెంటులో ఉక్కపెట్టి బాబు ఏడుస్తుంటే, అమ్మ తన పాత నేత చీర తీసి, గిన్నెలు తొలిచిన నీళ్ళలో ముంచి పిండి, గాలి వచ్చే వైపు టార్పాలిన్ తాడుకి అడ్డంగా కట్టింది. మా ఊళ్ళో వేసవిలో వట్టివేళ్ళ తడికలు తడిపినట్టు. నేను వద్దన్నాను, ఎంతసేపు, ఆరిపోతుంది కదా అని. ఐదు నిమిషాల్లో ఆ చీర దాటి వచ్చే గాలి ఎంత చల్లగా మారిందంటే బాబు ఏడుపు ఆపి ఆ చీర అంచు పట్టుకుని మొహానికి పెట్టుకున్నాడు. గాలి పొడిగా ఉన్నచోట తడిగుడ్డ మన కూలరంత పని చేస్తుంది. తేమ ఎక్కువుండే విశాఖలో ఇదే చీర కడితే ఇంత ఉపయోగం ఉండదు. ఇరవై నిమిషాలకోసారి తడపాలి, లీటరున్నర నీళ్ళు చాలు, వాడేసిన నీళ్ళైనా సరే. అప్పటి నుంచీ మా క్యాంపింగ్ పెట్టెలో రెండు పాత కాటన్ చీరలు ఎప్పుడూ ఉంటాయి.

రోజుని రెండు ముక్కలు చెయ్యండి

తెల్లవారుజామున లేవండి, పిల్లలు ఎలాగూ వెలుతురుకి లేచేస్తారు. వెలుతురు వచ్చినప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా మీ రోజు. నడక, ఆట, చూడాల్సినవి అన్నీ అప్పుడే. పది దాటాక నీడలోకి వచ్చేయండి. మధ్యాహ్నమంతా తడిచీర దగ్గర పడక, కథలు, బొమ్మలు, టబ్బులో రెండు మగ్గుల నీళ్ళతో ఆట. మళ్ళీ నాలుగున్నర దాటాక బయటికి. "ఇంత దూరం వచ్చి మధ్యాహ్నమంతా పడుకోవడమేనా" అని ఎవరో ఒకరు అంటారు, మా ఇంట్లో మా ఆయన అన్నాడు. వినకండి. ఎండని నమ్ముకుని బతికే కంగారూలు కూడా ఆ వేళ చెట్టు కింద మట్టి గీరుకుని పడుకునే ఉంటాయి, పిల్లలకి అదే చూపించండి.

పొద్దున నడకకి విల్పెనా వాగు పక్కనుంచి హిల్స్ హోమ్‌స్టెడ్ అనే పాత ఇంటి దాకా పోయే దారి బాగుంటుంది, చాలావరకు చదును, చెట్ల నీడ ఉంది. పోయి రావడానికి ఆరు కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ళతో సగం దూరంలో వెనక్కి తిరిగితే చాలు. మీరు తీసుకెళ్ళిన నీళ్ళు సగం అయిపోయాయా, ఎక్కడున్నా వెనక్కి తిరగండి. ఇంకో పొద్దున బ్రచీనా గార్జ్ అనే కొండలోయకి వెళ్ళండి, రాళ్ళ మీద పసుపు కాళ్ళ రాక్ వాలబీలు, చిన్న కంగారూల్లాంటివి, ఎండెక్కకముందే కనిపిస్తాయి, తోక మీద చారలుంటాయి, పిల్లలు ఎన్ని చారలో లెక్కపెడతారు. అక్కడి రాళ్ళలో 55 కోట్ల ఏళ్ళనాటి జీవుల గుర్తులున్నాయి. ఈ కొండల్లో ఒక కొండ పేరు మీదే 2004లో భూమి చరిత్రలో ఒక కాలానికి ఎడియాకరన్ అని పేరు పెట్టారు. ఎముకలు, గవ్వలు లేని మెత్తటి ప్రాణులు, ఇసకలో పడిన అచ్చుల్లా ఉంటాయి. నాలుగేళ్ళ పిల్లకి కోట్ల ఏళ్ళు అర్థం కావు, కానీ రాయి మీద ముగ్గులా అచ్చు పడిందంటే అర్థమైంది.

టోపీ మెడ వెనక కూడా కప్పేటట్టు ఉండాలి, క్యాప్ పనికిరాదు. పొడుగు చేతుల వదులు కాటన్ చొక్కాలు. సన్‌స్క్రీన్ 50+ బయటికి వెళ్ళడానికి 20 నిమిషాల ముందు, ఆ తర్వాత రెండు గంటలకోసారి. మన రంగుకి సన్‌స్క్రీన్ అక్కర్లేదని అనుకోవద్దు, ఇక్కడి ఎండకి మన చర్మం కూడా కాలుతుంది. ఈగలు కళ్ళల్లోకి వస్తాయి, టోపీ మీద వేసుకునే వల మనిషికొకటి కొనండి.

పిల్లని చూడటం ఎలా

ఇది నెమ్మదిగా చదవండి. మొదటి రోజు చేరిన వెంటనే టెంటు పనిలో పడి మా అమ్మాయిని గంటన్నర ఎండలో రాళ్ళతో ఆడుకోనిచ్చాం. అది ఎంతో బుద్ధిగా ఆడుకుంది, అడ్డం రాలేదు, నీళ్ళడగలేదు. నాలుగింటికి వచ్చి నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. అలిసిపోయింది పాపం అనుకున్నా. అమ్మ దాని పెదాలు చూసి, "అమ్మాయ్, ఇది పొద్దున కారెక్కినప్పటి నుంచి ఒంటేలుకి వెళ్ళిందా?" అంది. వెళ్ళలేదు. తొమ్మిది గంటలైంది. నోరు పిడచకట్టుకుపోయి ఉంది, కళ్ళు లోపలికి పీక్కుపోయినట్టున్నాయి, ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

చేసిందేమిటంటే, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడి తువ్వాలుతో మెడ, చంకలు, గజ్జలు తుడుస్తూ విసిరాం. ఓఆర్‌ఎస్ పాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి, గ్లాసుతో కాకుండా చెంచాతో పట్టాం, రెండు నిమిషాలకి ఒక చెంచా. ఒక్కసారి పోస్తే వాంతి చేసుకుంటారు. పాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్ళకి ఆరు టీస్పూన్లు చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ చెంచా అంచుకి సమంగా కొలిచినవి. గంటన్నరకి లేచి కూర్చుంది, ఆరున్నరకి ఒంటేలుకి పోయింది. అంత సంతోషం నాకు ఆ ట్రిప్పులో ఇంకెప్పుడూ కలగలేదు.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. దాహం వేస్తోందా అని పిల్లల్ని అడగం, అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగిస్తాం. ఒంటేలు రంగు చూస్తాం, లేత పసుపు సరే, ముదురుగా ఉంటే వెంటనే నీడ, నీళ్ళు. నేపీ వేసుకునేవాళ్ళకి ఆరు గంటల్లో ఒక్క తడి నేపీ కూడా లేకపోతే ఆగకుండా వైద్యం చెయ్యగలవాళ్ళని అడగాలి. అల్లరి పిల్ల ఉన్నట్టుండి నెమ్మదిస్తే మెచ్చుకోకుండా, నుదురు పట్టుకుని చూడాలి.

ఒళ్ళు కాలిపోతూ, పిల్ల పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే పలక్కపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. 000కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా నీళ్ళు పోస్తూ, విసురుతూ ఒళ్ళు చల్లార్చాలి. జ్వరం మందులు దీనికి పనిచెయ్యవు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకండి.

పొద్దు పోయాక

చీకటి పడితే చల్లబడుతుంది, ఆ మార్పు చాలా వేగంగా వస్తుంది. పగలు 33 ఉన్న రోజు తెల్లవారుజామున స్వెట్టర్లు, మందపు దుప్పట్లు కావాల్సొచ్చింది. పిల్లలకి రాత్రి బట్టలు పొద్దుండగానే బయటికి తీసి పెట్టుకోండి. టెంటు జిప్పు నిమిషం సేపు కూడా తెరిచి ఉంచొద్దు. చెప్పులు, బూట్లు లోపలే పెట్టి, వేసుకునే ముందు దులపండి, రెడ్‌బ్యాక్ అనే విషపు సాలీళ్ళు అలాంటి చోట్లే దూరతాయి. రాత్రి బయటికి వెళ్తే టార్చి, మూసి ఉన్న బూట్లు. తిండి ఏదీ బయట ఉంచొద్దు.

పాము కాటుకి మనకి తెలిసిన పద్ధతులన్నీ మర్చిపోండి. కొయ్యడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, కడగడం ఏవీ చెయ్యకూడదు. సాగే వెడల్పు బ్యాండేజీ కాటు మీద చుట్టి, తర్వాత వేళ్ళ దగ్గర మొదలుపెట్టి కాలు లేదా చెయ్యి పైదాకా బిగుతుగా చుట్టి, కర్ర కట్టి కదలకుండా ఉంచాలి. కాటు పడినవాళ్ళని ఒక్క అడుగు కూడా నడిపించొద్దు, సాయమే వాళ్ళ దగ్గరికి రావాలి. ఆ బ్యాండేజీలు మూడు కొనండి, ఇంట్లో ఒకసారి పిల్లల కాలి మీద ఆటలా చుట్టి నేర్చుకోండి. రెడ్‌బ్యాక్ కుడితే మాత్రం కట్టు కట్టరు, ఐసు పెట్టి పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ 13 11 26కి ఫోన్ చెయ్యాలి.

ఇక్కడ దూరాలు ఎంతంటే జబ్బు చేసినవాళ్ళని విమానంలో తీసుకెళ్ళడానికి 1928లోనే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ మొదలైంది. ఆ విమానం కూడా రావడానికి సమయం పడుతుంది. వచ్చేలోపు చేతిలో ఉండాల్సినవి మన పెట్టెలోనే ఉండాలి.

ఇవన్నీ సర్దుకున్నాక దీపాలన్నీ ఆపేసి పిల్లల్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పాలపుంత అంచు నుంచి అంచు దాకా కనిపిస్తుంది. మా అమ్మ చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసేదట, మళ్ళీ ఇక్కడే చూశానంది.

తిరుగు ప్రయాణం

చివరి రోజు ఎండెక్కాక టెంటు పీకడం మొదలుపెట్టకండి. ముందురాత్రే సగం సర్దేసి, పొద్దున ఆరింటికి పిల్లలకి తిఫిన్ పెట్టి ఒకరు నీడలో వాళ్ళని చూసుకుంటుంటే ఇంకొకరు సర్దితే ఎనిమిదిన్నరకి కారెక్కొచ్చు. క్యాన్లు మళ్ళీ నింపుకునే బయల్దేరండి, నీళ్ళు వెళ్ళేటప్పుడే కాదు వచ్చేటప్పుడూ కావాలి. క్వార్న్‌లో ఆగి పిచీ రిచీ పాత రైలు బండ్లు చూపిస్తే పిల్లలకి కాళ్ళు సాగుతాయి. సిగ్నల్ రాగానే ఊళ్ళో ఎవరికి రాసిచ్చి వెళ్ళారో వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఇంటికి రాగానే టెంటు పెరట్లో విప్పి ఎర్రమట్టి దులిపి ఆరబెట్టండి, వాడేసిన ఓఆర్‌ఎస్ పాకెట్లు, బ్యాండేజీలు లెక్క చూసి ఆ వారమే మళ్ళీ కొని పెట్టెలో పెట్టేయండి, చీరలు ఉతికి పైన పెట్టండి.